యాభయ్యో గొర్రె

"నేనే వెళ్తాను. పోయిన మంద నాది, అడిగే నోరూ నాదే," అంది అంతియోగ.

చర్చి ముందు రాతి అరుగు మీద కూర్చున్న మగాళ్ళు టక్కున మాటలాపేశారు. మా ఒర్దాలే ఊళ్ళో ఆ అరుగు మగాళ్ళది. ఆడవాళ్ళు దాని ముందు నుంచి నడిచిపోవడమే గానీ ఆగి మాట్లాడే అలవాటు లేదు. అంతియోగ ఆగడమే కాదు, నడుం మీద చెయ్యి కూడా వేసుకుని నిలబడింది. రెండో చేతికి ఇంకా కట్టు ఉంది. ఆగస్టులో కొండ అంటుకున్న రోజు దొడ్డి తలుపు లాగబోయి కాల్చుకున్న చెయ్యి అది. తలుపైతే తెరిచింది గానీ ఏం లాభం? గొర్రె బుద్ధి గొర్రెదే కదా. ఒకటి బెదిరి వెనక్కి తిరిగితే నూట పంతొమ్మిదీ దాని వెంటే తిరిగి మంటల్లోకి పోయాయి.

"ఆడది పరదూర అడగడం మా తాతలనాడు చూశామా, ముత్తాతలనాడు విన్నామా?" అన్నాడు అరుగు మీది ఒక ముసలాయన.

"మీ తాతలనాడు ఊరికి కరెంటు కూడా లేదు. మరి దీపాలార్పేసుకుని కూర్చోండి ఇళ్ళల్లో."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు వచ్చినట్టు నటించారు.

పరదూర అంటే మా దీవి నడుమ ఉన్న బర్బాజియా కొండల కాపరుల కట్టుబాటు. ఒకడి మంద మంటకో తెగులుకో పోయిందనుకోండి. వాడు ప్రతి దొడ్డి గుమ్మానికీ వెళ్ళి, "నా దొడ్డి ఖాళీ అయింది" అని ఒక్క మాట చెబుతాడు. అంతే. బతిమాలడు, ఏడవడు. దొడ్డివాడు కాదనకుండా ఒక గొర్రెనిస్తాడు. రెండు ఇవ్వకూడదు, ఇస్తే అది ముష్టి అయిపోతుంది. ఏ గుమ్మాన్నీ వదిలెయ్యకూడదు, ఏ గుమ్మంలోనూ రెండోసారి అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చిన గొర్రె నోరు తెరిచి పళ్ళు చూడకూడదు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచేవాళ్ళు లోకంలో ఉంటే ఉండొచ్చు. మా దగ్గర అలా చేస్తే ఇచ్చినవాడి చెంప మీద కొట్టినట్టే.

అరుగు మీద నుంచి బాకిస్ లేచాడు. అంతియోగ మొగుడు దియేగు చచ్చిపోయి మూడేళ్ళయింది. ఆ దియేగు పెదనాన్న కొడుకే ఈ బాకిస్. మూడొందల గొర్రెలు, ఇద్దరు ఎదిగిన కొడుకులు, ఆదివారాలకని ఓ మఖమల్ కోటు. మాట మాత్రం తేనె పూసిన కత్తి.

"ఎందుకు మరదలా నీకీ తిప్పలు? నీ తరఫున నేను అడుగుతాను. వచ్చినవి నా మందలో కలిపేద్దాం. జున్ను చెయ్యడంలో నీ చెయ్యి బంగారం, నా దొడ్లో హాయిగా జున్ను చేసుకుంటూ కూర్చో. ఒంటిదానివి, ఆ లిద్దోనె గుట్ట నీకెందుకు చెప్పు?"

"ఒంటిదాన్ని కాబట్టే బావా. నీకు అన్నీ ఉన్నాయి. నాకున్నది ఆ గుట్టొక్కటే."

లిద్దోనె గుట్టలో ఏముందని అడిగితే, నీళ్ళున్నాయి. ఆగస్టులో కొండంతా గొంతు పిడచకట్టుకుపోయినా అక్కడ సున్నపురాయి చీలికలోంచి చేతి లావు ధార పడుతూనే ఉంటుంది. దాని చుట్టూ కార్కు చెట్లు, వాటి కింద మంట ముట్టని పచ్చిక. గుట్ట ఎవరి సొత్తూ కాదు, ఊరుమ్మడిది. సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన, మిఖాయిల్ దేవదూత పండుగ నాడు, అప్పటిదాకా అక్కడ మేపుతున్నవాళ్ళు యాభై ఈనే గొర్రెలు చూపిస్తే ఇంకో ఏడాదికి వాళ్ళకే రాసిస్తారు. దియేగు, అంతియోగ ఇరవై రెండేళ్ళు చూపించారు. యాభైకి ఒక్కటి తగ్గినా గుట్ట పక్క దొడ్డివాడికి పోతుంది. పక్క దొడ్డి ఎవరిదో చెప్పాలా? బాకిస్‌ది. పోనీ కొనుక్కొచ్చి చూపిద్దామన్నా కుదరదు. డబ్బున్న పట్నం వాళ్ళు మందలు కొని పచ్చిక మింగెయ్యకుండా మా పెద్దలు అడ్డుకట్ట వేశారు. కొన్న గొర్రె ఏడాది దాకా లెక్కకు రాదు. సొంత మందలో పుట్టిందైనా కావాలి, పరదూరలో వచ్చిందైనా కావాలి.

గుట్ట పోతే అంతియోగకు మిగిలేది ఒకటే దారి. కొండ దిగి కోస్తాకు పోయి, వేసవి విడిదికొచ్చే జనం పక్కలు దులపడం. యాభై ఏళ్ళ వయసులో ఆ పని చెయ్యనని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

"అడగందే అమ్మయినా పెట్టదు. రేపు పొద్దున్నే మొదలెడతాను," అని అరుగు మీది వాళ్ళందరికీ వినిపించేలా చెప్పి వెళ్ళిపోయింది.

మొదటి గుమ్మం లుస్సోర్జుది. ఊరుమ్మడి పచ్చిక పుస్తకం రాసేది ఆయనే. ఎనభై దగ్గరపడ్డ మనిషి. చూపు మందగించినా గొర్రె ఒంటి మీద చెయ్యి వేసి దాని వయసు చెప్పేస్తాడు. అంతియోగ వాకిట్లో నిలబడి, "నా దొడ్డి ఖాళీ అయింది, మావా," అంది. గొంతు వణికింది. వణికినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

 ఆడగొంతులో ఆ మాట లుస్సోర్జు ఎన్నడూ వినలేదు. అయినా లోపలికి వెళ్ళి మూడేళ్ళ గొర్రెను చెవి పట్టుకుని తీసుకొచ్చాడు.

"మంద పెరగాలి," అన్నాడు. ఇచ్చేవాళ్ళు అనాల్సిన మాట అదే. ఆ తర్వాత కట్టుబాటులో లేని మాట ఇంకొకటి కూడా అన్నాడు. "గొంతు పెంచవే అమ్మాయ్. నీ సొమ్మే అడుగుతున్నట్టు అడుగు."

అప్పటి నుంచీ గొంతు పెంచింది. ఊళ్ళో ఆమెది కాక దొడ్లు సరిగ్గా యాభై. కొన్ని కొండ కింద ఉన్నాయి, కొన్ని లోయ అవతల. కాలిన పొదల బూడిద మోకాళ్ళ దాకా అంటుకునేది. ప్రతి గుమ్మంలోనూ అప్పడమంత పల్చటి కరసావు రొట్టె, ఓ జున్ను ముక్క, గుక్కెడు ఎర్ర ద్రాక్షసారా పుచ్చుకోక తప్పదు. కాదంటే వాళ్ళకి కోపం. సాయంత్రానికి గొర్రెల్ని ఆమె తోలుతోందో, ఆమెను గొర్రెలు తోలుతున్నాయో తెలిసేది కాదని ఆమె చెల్లెలు నిన్నెద్ద ఇప్పటికీ నవ్వుతుంది. ఒకరిద్దరు ముఖం ముడుచుకుని ఇచ్చారు. ఒకడైతే, "మీ ఇంట్లో మగాళ్ళెవరూ లేరా?" అన్నాడు. "ఉన్నాడు, శ్మశానంలో. పిలుచుకురానా?" అని అడిగేసరికి వాడు గొర్రెతో పాటు సంచెడు బంగాళాదుంపలు కూడా ఇచ్చి పంపాడు.

నలభై తొమ్మిది గుమ్మాలు, నలభై తొమ్మిది గొర్రెలు. ఇక మిగిలింది బాకిస్ గుమ్మం.

"వాడి దగ్గరికి వెళ్ళకే అక్కా," అంది నిన్నెద్ద. "వాడు నవ్వాడంటే ఎక్కడో గొయ్యి తవ్వాడనే."

"వెళ్ళకపోతే వాడికే కదే పండగ. ఒక గుమ్మం తప్పింది, ఇది పరదూర కాదు ముష్టి అని ఊరంతా చాటింపేస్తాడు. పైగా ఆ ఒక్కటీ లేకపోతే యాభై ఎక్కడిది?"

వెళ్ళింది. చెప్పాల్సిన మాట చెప్పింది. బాకిస్ అప్పటికే గొర్రెకు తాడు కట్టి సిద్ధంగా ఉంచాడు. ఒత్తైన బొచ్చు, బలిసిన వీపు. చూడ్డానికి నదురుగా ఉంది.

"మంద పెరగాలి మరదలా. ఏదో పొరపాటుగా అనుకున్నావు గానీ నేనంత చెడ్డవాణ్ణేం కాదు," అన్నాడు.

అంతియోగకు నిజంగానే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ మనిషిని తప్పుగా అనుకున్నానే అని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. పళ్ళు చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఇంటికొచ్చాక నిన్నెద్ద దానికి గుప్పెడు ఓట్లు పెట్టింది. అది నోట్లో వేసుకుని నమిలినట్టే నమిలి అంతా కింద కార్చేసింది. నిన్నెద్ద దవడ పట్టుకుని పెదవి ఎత్తి చూసి కెవ్వుమంది.

"అక్కా! దీనికి పళ్ళేవే!"

ఒక్కటీ లేదు. చిగుళ్ళు అరగదీసిన గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి. పన్నెండేళ్ళ ముసలి గొర్రె. దాని ఈతలు అయిపోయి ఎన్నేళ్ళయిందో ఆ దేవుడికే తెలియాలి. వారాల తరబడి మెత్తటి జావ పోసి, బొచ్చు దువ్వి, ముస్తాబు చేసి అంటగట్టాడు. కాదనలేదు కాబట్టి కట్టుబాటు తప్పలేదు. ఈనే గొర్రె కాదు కాబట్టి ఇది లెక్కకు రాదు. రెండోసారి అడగడానికి లేదు. ఇంకొకరు రెండోది ఇవ్వడానికీ లేదు. దరిద్రుడు ఎంత చక్కగా బిగించాడో చూశారా!

అంతియోగ గడప మీద కూలబడి ఏడ్చింది. మంద కాలిపోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు. మంటకు బుద్ధి లేదు, వీడికి ఉంది కదా!

"పోన్లే, దీన్ని మధ్యలో తోసేద్దాం," అంది నిన్నెద్ద. "లుస్సోర్జు మావకు కళ్ళు కనబడవు."

"ఆయన వేళ్ళకి కనబడతాయి. అయినా ఆ దొంగతనం నేను చెయ్యను. చేస్తే వాడికీ నాకూ తేడా ఏముంది?"

"మరేం చేస్తావ్? ఎల్లుండే లెక్క!"

అంతియోగ ముక్కు చీదుకుంది. గొర్రె వైపు చూసింది. అది అమాయకంగా ఖాళీ చిగుళ్ళతో ఓట్ల కోసం మళ్ళీ నేల వెతుకుతోంది. దాని చెవులు పట్టుకుని తిప్పి చూసింది. ఎడమ చెవి కొన కోత, కుడి చెవికి రెండు గాట్లు. బాకిస్ గుర్తు.

"మందకు పనికిరానిది కుండకు పనికొస్తుంది. పెద్ద బాన దించవే," అంది.

పరదూర పూర్తయ్యాక ఇచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆమె దగ్గర మాంసం ఎక్కడిది, చిక్కుడు గింజలు పెడుతుందిలే అనుకుంటూ లెక్కకు ముందురోజు మధ్యాహ్నం అందరూ వచ్చారు. పెరట్లో బల్లలు వేశారు. గాలిలో తేలి వచ్చిన వాసనకు అందరి ముక్కులూ లేచాయి. ముసలి గొర్రె మాంసానికి ఓపిక కావాలి. తొందరపడితే చెప్పు నమిలినట్టుంటుంది. నాలుగు గంటలు సన్నటి సెగ మీద, పైన తేలే నురగను తీస్తూ తీస్తూ ఉడకాలి. ఉల్లిపాయలు ముక్కలు చెయ్యకుండా, దుంపలు తొక్కతోనే, ఎండబెట్టిన టమాటాలు, చివర్లో పుదీనా. అప్పుడు చూడండి, లేత గొర్రెపిల్ల కూడా దాని ముందు బలాదూరే. కరసావు రొట్టెను ఆ రసంలో ముంచి, పైన జున్ను తురిమి నిన్నెద్ద వడ్డించడం మొదలుపెట్టింది.

బాకిస్ కూడా వచ్చాడు. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా. మఖమల్ కోటు వేసుకుని, ఎనభై అయిదేళ్ళ తల్లి గావినను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆవిడకు వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనపడవు.

అంతియోగ కార్కు బెరడు పళ్ళెంలో గొర్రె తలకాయ తెచ్చి సరిగ్గా బాకిస్ ముందు పెట్టింది. తలకాయ పెద్ద అతిథికి పెట్టేది. నిప్పుల మీద విడిగా కాల్చింది, చెవులు మాత్రం కొయ్యకుండా ఉంచింది.

మా కాపరులకు కన్నపిల్లల పుట్టినరోజులు గుర్తుండవు గానీ ఎవరి చెవి గుర్తు ఏదో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఎదురుగా కూర్చున్నవాడు చెంచా దించేశాడు.

"ఎడమ చెవి కోత, కుడికి రెండు గాట్లు. ఇది నీది కదూ బాకిస్?"

బాకిస్ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే తేరుకుని గట్టిగా లేచాడు. "చూశారా! పరదూర గొర్రెను కోసింది! ఏడాది దాకా కత్తి తగలకూడదని తెలీదా? అందుకే ఆడవాళ్ళ చేతుల్లో పెట్టకూడదన్నాను. కట్టుబాటు తప్పింది!"

"నా గుర్తు వేశాక కదా అది నా మందలో చేరేది?" అంది అంతియోగ. "చూడు బావా, నీ గాట్లే ఉన్నాయి. ఆ చెవికి నేను కత్తి పెట్టలేదు. ఇది మందకు వచ్చింది కాదు, భోజనానికి వచ్చింది. నలభై తొమ్మిది మంది మందకిచ్చారు. నువ్వొక్కడివే అందరికీ కూర పంపావు. నీ పెద్ద మనసు ఊరికి తెలియొద్దూ?"

"మాటలు తిప్పకు!"

"తిప్పడం లేదు. మందకిచ్చిన గొర్రెకు పళ్ళు చూడకూడదు, నేను చూడలేదు. కూరకిచ్చినదానికి చూడొచ్చు." ఆమె తలకాయను రెండు చేతులతో పట్టుకుని దవడ విప్పి బల్ల అంతటికీ కనబడేలా ఎత్తింది. "చూడండి."

పెరట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. కొడుకు పక్కన కూర్చున్న గావిన, "ఏమిట్రా? ఎవరూ మాట్లాడరేం? ఇలా ఇవ్వండే," అని చెయ్యి చాపింది. అంతియోగ పళ్ళెం ఆవిడ దగ్గరికి జరిపింది. ముసలావిడ చూపుడు వేలు దవడ మీద ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నా చిగుళ్ళూ ఇలాగే ఉన్నాయిరా బాకిస్. నన్ను కూడా ఎవరికైనా ఇచ్చేస్తావా?"

ఎవరూ నవ్వలేదు.  బాకిస్ మొండిగా తలెగరేశాడు.

"ఇచ్చాను. కాదనలేదు. మిగతాదంతా ఆవిడ నాటకం. రేపు లెక్క లెక్కే. నలభై తొమ్మిది అంటే నలభై తొమ్మిదే. ఏం లుస్సోర్జు మావా, అంతేనా కాదా?"

లుస్సోర్జు గడ్డం రుద్దుకున్నాడు. "అంతే," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో అందరికీ తెలుస్తూనే ఉంది.

"అయితే గుట్ట నాదే."

"అవుతుందేమో," అంది అంతియోగ. ఈసారి గొంతు వణకలేదు. "నిన్ను రెండోసారి అడగను. బతిమాలను. నీ జవాబు కుండలోకి వచ్చింది, మందలోకి ఇంకా రాలేదు. రాకపోతే గుట్ట తీసుకో, ఆ నీళ్ళు తాగు. కానీ ఒక్క మాట విను. మంటకు చుట్టరికం తెలీదు. ఈ ఏడు నా దొడ్డి, ఏ ఏటికో నీ దొడ్డి. అప్పుడు నువ్వు గుమ్మం గుమ్మానికీ తిరగాలి, నా గుమ్మం తప్పించుకోవడానికి వీల్లేదు. రా బావా. పళ్ళున్నదే ఇస్తాను. ఇంతమందీ సాక్షులే."

తర్వాత గరిటె అందుకుంది. "తినండి మరి. చల్లారితే కొవ్వు పేరుకుంటుంది. నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డాను నేను."

బాకిస్ కుర్చీ తన్నేసి లేచాడు. "పద అమ్మా."

"నేను రాను," అంది గావిన. "మన ఇంటి గొర్రె ఈ మందలో చేరేదాకా నేను ఈ ఇంట్లోనే పడుంటాను. ఆకలేస్తోంది, ఇంకో ఉల్లిపాయ వెయ్యవే అంతియోగా. మెత్తగా ఉన్నది చూసి వెయ్యి, నాకూ పళ్ళు లేవు."

అప్పుడు నవ్వారు. పెరడంతా దద్దరిల్లేలా నవ్వారు. ఆ నవ్వు వీపున తగులుతుండగా బాకిస్ వీధిలోకి నడిచిపోయాడు.

మర్నాడు పొద్దున లిద్దోనె గుట్ట మీద ఊళ్ళో సగం జనం ఉన్నారు. లుస్సోర్జు ఒక్కొక్క గొర్రె నోట్లో వేలు పెట్టి చూసి, పొట్ట తడిమి, అవతలికి తోస్తున్నాడు. గావిన అంతియోగ శాలువా కప్పుకుని రాయి మీద కూర్చుంది. నలభై ఏడు. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. ఇక తోయడానికి ఏమీ లేదు. లుస్సోర్జు పుస్తకం తెరవకుండా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ను తొందరపెట్టలేదు. ఎండ మాత్రం ఎక్కుతోంది. అంతియోగ గొర్రెల్నే చూస్తోంది. వీటిని ఎవరికి అమ్మాలి, ఎన్ని రోజుల్లో అమ్మాలి అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది ఆమెకు. 

కింద కార్కు చెట్ల మధ్య ఏదో కదిలింది. బాకిస్. కోటు లేదు, ఒళ్ళంతా చెమట. ముందు ఓ గొర్రె నడుస్తోంది. నాలుగేళ్ళది, చూలుతో ఉంది. పైకి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా ఆగాడు.

"నువ్వు అడిగావు కదా. ఇదీ జవాబు," అన్నాడు అంతియోగతో. ఆ తర్వాత చాలా కష్టం మీద, "మంద పెరగాలి," అన్నాడు.

అంతియోగ కత్తి తీసి అతని ముందే దాని చెవికి తన గుర్తు వేసి, లుస్సోర్జు వైపు తోసింది. ఆయన నోట్లో వేలు పెట్టి, పొట్ట తడిమి, "యాభై!" అని లోయ అవతలికి వినబడేలా అరిచాడు. పుస్తకం తెరిచి రాశాడు. నిన్నెద్ద అక్కను పట్టుకుని భోరుమంది.

బాకిస్ నాలుక తడారిపోయినట్టుంది. ఎప్పుడూ వచ్చినట్టే ధార దగ్గరికి నడిచి దోసిలి పట్టబోయాడు.

"ఆగు బావా."

ఆగాడు.

"ఈ ఏడాదికి ఈ నీళ్ళు నావి. అడిగి తాగు."

"నీళ్ళకి కూడానా?"

"నీళ్ళకే. నేను యాభై గుమ్మాల్లో అడిగాను. నా ముక్కేమీ ఊడిపోలేదు."

అతను తల్లి వైపు చూశాడు. ముసలావిడ కదల్లేదు. ఊరు వైపు చూశాడు. ఎవరూ కళ్ళు దించలేదు. చివరికి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కాసిని నీళ్ళిస్తావా, మరదలా?"

"ఇస్తాను," అంది అంతియోగ. చెంబు నిండా పట్టి, రెండు చేతులతో ఇచ్చింది.